ఫైలు పేర్లలో మన అక్షరములు

(వత్రాపులో జరిగిన మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పాత కాగితములను భద్రపరచుటను గూర్చి మాటలాడవలసినదిగా కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ఆ పెద్ద విషయములో ఒక చిన్న భాగమును మాత్రమే మేము నేడు తీసికొనుచున్నాము. ఒక కాగితపు ప్రతిబింబమును కంప్యూటరులో దాచునపుడు దానికొక పేరు పెట్టుదుము గదా. ఆ పేరులో మనము వ్రాయు గుర్తులు, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు పోవునపుడు వానికి కలుగు గతి, ఇదియే మా ప్రసంగ విషయము. ఇంతమాత్రమునకు ఒక ఉపన్యాసమా యని కొందరు నవ్వవచ్చును. మేమును మొదట అట్లే నవ్వితిమి.

జరిగినది వినుడు. మనలో కొన్ని కుటుంబములవారు తమ యిండ్లలో మిగిలియున్న తాటాకు కట్టలకు, క్రయపత్రములకు, శుభలేఖలకు, పెద్దల యుత్తరములకు, ఛాయాచిత్రములకు ప్రతిబింబములు తీయించి పెన్ డ్రైవులలో చేర్చిరి. విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకుల కాలమునను ఈ నేలకు వచ్చి నిలిచిన మనవారిలో నేడు అనేకులకు ఇంట మాట తెలుగు, బడిలో చదువు తమిళము. ఆ కాగితములను చదువగలవారు ఊరికి ఒకరిద్దరే మిగిలిరి. అట్టి పెద్దమ్మ యొకామె ఒక వేసవి యంతయు కూర్చుండి, ఇది ఫలానావారి వివాహము, ఇది ఫలానా చేను దస్తావేజు, ఈ ఫొటోలో కుర్చీలో నున్నది మా మేనత్త యని చెప్పుచుండగా, మనుమడు ఆ మాటలనే ఫైళ్ళకు పేర్లుగా తెలుగులో వ్రాసెను. ఆ పెద్దమ్మ ఇప్పుడు లేరు. కావున ఆ పేర్లే ఆ బొమ్మలకు తాళపుచెవులు. పేరు పోయినచో బొమ్మ యుండును గాని అది యెవరిదో చెప్పువారు లేరు.

ఆ పెన్ డ్రైవును పట్టణములో ఒక దుకాణమునకు ఇచ్చి ప్రతులు తీయించితిమి. వారు అన్నిటిని ఒక కట్టగా గట్టి ఇచ్చిరి. ఇంటికి తెచ్చి విప్పి చూడగా కొన్ని పేర్లు చదువరాని గుర్తులైనవి. కొన్ని ఫైళ్ళు రానేలేదు. కొన్ని ఒకే పేరుతో రెండేసి కనబడినవి, తెరచి చూచిన రెండును వేరు బొమ్మలు! దుకాణదారుని మేము నిందించుటలేదు. అతడు రోజును చేయు పనియే చేసెను.

అప్పుడు మా యింటి కుర్రవాడు, "తాతా, తెలుగులో పేరు పెట్టినందువలననే ఇట్లాయెను. కంప్యూటరుకు తెలుగు పడదు. అన్నిటికిని ఇంగ్లీషులో అంకెలు వేసిన సరిపోవును" అనెను. అక్కడ కూర్చున్న మేమందరము తల యూపితిమి. ఇంగ్లీషు అంకెలతో పెద్దమ్మ మాటలు ఎట్లు నిలుచునని ఆ క్షణమున ఎవరికిని తోచలేదు. తరువాత తెలిసినవారిని అడిగి, ఒక్కొక్క పేరును విడదీసి పరీక్షించితిమి. చెడిన పేర్లలో తెలుగు అక్షరము తన తప్పువలన చెడిన పేరు ఒక్కటియు లేదు. ఏది యెందుకు చెడినదో మీకు చెప్పుటకే మేము నిలిచితిమి.

ఫైలు త్రోవ యనగా చిరునామా వంటిది. పెట్టె, పెట్టెలో సంచి, సంచిలో కాగితము. పెట్టె పేరునకును సంచి పేరునకును నడుమ ఒక గుర్తు వేయవలెను. ఆ గుర్తు విషయముననే యంత్రములు తొలినుండియు విడిపోయినవి. అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు 1969లో మొదలైన యూనిక్స్, దాని యడుగుజాడలలో వచ్చిన లైనక్స్, వాలుగీతను (/) పెట్టుకొన్నవి. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్ అను వ్యవస్థలో సంచులే లేవు. ఆజ్ఞలకు షరతులు చేర్చుటకు వాలుగీతను అది వాడుకొనెను. 1983లో సంచులను చేర్చవలసి వచ్చినపుడు ఆ గీత ఖాళీగా లేనందున, ఎదురువాలు గీతను (\) తీసికొనిరి. విండోస్‌కు అదియే వారసత్వముగా వచ్చెను. మాకింతోష్‌వారు రెండు చుక్కలను (:) ఎన్నుకొనిరి. మూడిండ్లలో మూడు ఆచారములు.

నడిమి గుర్తుగా వాడునది పేరులో రాకూడదు గదా. లైనక్స్‌లో వాలుగీత తప్ప, కంటికి కనబడు తక్కిన గుర్తులన్నియు పేరులో వ్రాయవచ్చును. విండోస్‌లో తొమ్మిది గుర్తులు నిషిద్ధములు: < > : " / \ | ? * అనునవి. మనుమని కంప్యూటరు లైనక్స్ నడుపునది. అతడు పెద్దమ్మ మాటను మాటగానే వ్రాసెను. ఒక ఫొటో పేరు "ఎడమనుండి రెండవవారు ఎవరు?" అని. పెద్దమ్మకే జ్ఞాపకము రానందున అట్లు వ్రాసినాడు. ఆ ప్రశ్నార్థకము విండోస్ గడప దాటలేదు. ముహూర్తము "6:30" అని వ్రాసిన శుభలేఖ దాటలేదు. ఒక పెద్దాయన బిరుదును నిలువు కొటేషను గుర్తులలో ఉంచిన ఫైలు దాటలేదు. రానిఫైళ్ళ కథ ఇంతే. ఆ పేర్లలోని తెలుగునకు దానిలో పాత్రయే లేదు. ఆంగ్లములో వ్రాసినను అవి అట్లే ఆగియుండెడివి.

తేదీని గూర్చి ఒక మాట. మనకు 12/5/1962 అని వ్రాయుట అలవాటు. లైనక్స్ దీనిని 12 అను సంచిలో 5 అను సంచిలో 1962 అను కాగితమని చదువును. మాకింతోష్ తెరపై వాలుగీతను వ్రాయనిచ్చును గాని, లోపల దానిని రెండు చుక్కలుగా మార్చి దాచును, అది విండోస్‌కు పోయిన మరల చిక్కే. 1962-05-12 అని, సంవత్సరము ముందుగా, అడ్డగీతలతో వ్రాయుడు. ఇందువలన కాలక్రమమున వరుసగా గూడ నిలుచును. శుభలేఖలలో తెలుగు అంకెలున్నవని కొందరు పేరులోను ౧౯౬౨ అని వ్రాసిరి. అది తప్పు కాదు. కాని 1962 అని వెదకినపుడు చాలచోట్ల ఆ ఫైలు దొరకదు. లోపల ఏ అంకెలున్నను పేరులో ఒకే తీరు అంకెలుండుట మేలని మా అభిప్రాయము.

పేరు చివర చుక్క పెట్టరాదు. మనవారు "వా.", "కీ.శే." అని పొడి అక్షరములతో ముగించుట కలదు. విండోస్ చివరి చుక్కను, చివరి ఖాళీని తుడిచివేయును. లైనక్స్‌లో అట్టి పేరుతో పుట్టిన ఫైలు విండోస్‌లో కంటికి కనబడుచు, తెరువబోయిన తెరువబడక, తీసివేయబోయిన తీయబడక దయ్యమువలె కూర్చుండును. డాస్ కాలపు పరికరముల పేర్లైన కాన్, ఆక్స్, నల్ అను ఆంగ్లపు మూడక్షరముల పేర్లును నేటికిని విండోస్‌లో నిషిద్ధములే. నలభై యేండ్లనాటి కట్టుబాటు. మన పాత ఆచారములను వెక్కిరించువారు దీనిని గూడ గమనింతురుగాక.

ఇక "కంప్యూటరుకు తెలుగు పడదు" అను మాట యెక్కడనుండి వచ్చినదో చూతము. ఇది ఒకనాటి నిజము. యూనికోడ్ వాడుకలోనికి రాకమునుపు అచ్చుకూటములలో తెలుగు వ్రాయుటకు ప్రత్యేకపు ఫాంట్లు వాడిరి. ఆంగ్ల అక్షరములకు, విరామ చిహ్నములకు కేటాయించిన గదులలోనే తెలుగు ముక్కలను కూర్చుండబెట్టిరి. ఒక గుణింతపు ముక్క ప్రశ్నార్థకపు గదిలోను, ఒక వత్తు ఎదురువాలు గీత గదిలోను ఉండవచ్చును. పత్రములో ఆ ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగుగా కనబడును. ఫైలు పేరునకు ఆ ఫాంటు వర్తింపదు. కావున అక్కడ అర్థములేని ఆంగ్లముగా నిలుచును, లేక నిషిద్ధ గుర్తని నిలిచిపోవును. ఆ దినములలో దెబ్బతినినవారు చెప్పిన మాటయే నేటి కుర్రవాని నోట వచ్చినది.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు సొంత గదులు దొరకినవి. ప్రతి అక్షరమునకు ఒక సంకేత సంఖ్య. కాని ఫైలు త్రోవల చిక్కు అంతటితో తీరలేదు, మరింత పెరుగవలసినది! ఎట్లనగా, తెలుగు సంకేతమును రెండు బైట్లుగా వ్రాసినచో మొదటి బైటు అన్నిటికిని ఒకటే, రెండవది మారును. 'య' అను అక్షరపు రెండవ బైటు సరిగా వాలుగీత సంఖ్యయే. 'ప' అక్షరమునకు నక్షత్రపు గుర్తు సంఖ్య. గుడికి ప్రశ్నార్థకపు సంఖ్య. యూనిక్స్ త్రోవను బైటు వెంబడి బైటుగా చదువును. అట్టి యంత్రమునకు "నాయకర్" అను పేరు రెండు బైట్ల రూపమున అందినచో, 'య' నడుమ వాలుగీత కనబడి, ఆ పేరు అక్కడికక్కడ తెగును. ఒక ముక్క సంచి, రెండవ ముక్క కాగితము. మన ప్రాంతములో ఎందరు నాయకర్లు కలరో మీరే లెక్కించుకొనుడు.

ఈ ప్రమాదము తెలుగునకు మాత్రమే కాదు. జపాను దేశములో ముందే వచ్చెను. వారి పాత సంకేతమగు షిఫ్ట్ జిస్‌లో కొన్ని అక్షరముల రెండవ బైటు ఎదురువాలు గీత సంఖ్యయే. డాస్‌లో, విండోస్‌లో ఆ అక్షరములుగల ఫైళ్ళు జాగ్రత్తలేని కార్యక్రమముల చేత విరిగిపోయెడివి. అక్కడ ఎదురువాలు గీత గదిలో యెన్ నాణెపు గుర్తు కూర్చుండుటయు కలదు. త్రోవ చూచిన ధరల పట్టీవలె నుండును.

ఈ చిక్కును విడదీయుటకే 1992లో యూనిక్స్ వ్యవస్థల సంఘమైన ఎక్స్‌ఓపెన్‌వారు, ఫైలు వ్యవస్థకు హాని చేయని సంకేత పద్ధతి కావలెనని తలపెట్టిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కూర్చుండి, పళ్ళెము క్రింద పరచు కాగితముపై దాని తుదిరూపమును గీసిరి. దానినే నేడు యూటిఎఫ్-8 అందురు. అది తొలుత పిలువబడిన పేరులోనే "ఫైలు వ్యవస్థకు క్షేమకరము" అను విశేషణము కలదు. దీనియందు తెలుగు అక్షరమునకు మూడు బైట్లు. ఆ మూడింటిలో దేనికిని వాలుగీత సంఖ్య గాని, మరి యే ఆంగ్ల గుర్తు సంఖ్య గాని రానేరాదు. లైనక్స్‌లో "నాయకర్" నిండుగా నిలుచుట ఈ యేర్పాటు వలననే. ఒక లిపి పేరు త్రోవలో విరుగకుండవలెనని ముప్పదియేండ్లకు ముందే ఎవరో ఆలోచించిరనుట మాకు ఆశ్చర్యమును, కొంత సంతోషమును కలిగించెను.

అట్లయిన మన కట్టలోని పేర్లు చదువరాని గుర్తులైన దేల? కట్టగట్టు పద్ధతియగు జిప్ పుట్టినది 1989లో. అప్పటి పేర్లు ఐబిఎం యంత్రముల 437వ సంకేత పట్టికలో ఉండవలెనని నియమము. పేరు యూటిఎఫ్-8లో నున్నదని తెలుపు సూచిక 2006లో గాని నియమములలో చేరలేదు. ఆ సూచిక పెట్టకయే కొన్ని సాధనములు కట్టును, ఉన్నను చూడకయే కొన్ని విప్పును. అప్పుడు తెలుగు బైట్లు పాత పట్టికలో చదువబడును. గుర్తించుటకు ఒక ఉపాయము చెప్పెదము. పేరులో గ్రీకుల ఆల్ఫా అక్షరమును, దాని ప్రక్క చుక్కలతో నిండిన చిన్న డబ్బాయును మరల మరల వచ్చుచున్నచో అది చెడిన తెలుగే. తలపై చిన్న గీతగల ఆంగ్లపు మొదటి అక్షరమును, ప్రక్క ఉష్ణోగ్రతకు వేయు చిన్న సున్నయు వచ్చుచున్నచో అదియు తెలుగే, వేరొక పట్టికలో చదువబడినది. ఆ గీతగల అక్షరము ప్రక్క వలయములో ఆర్ అను వ్యాపారముద్ర వచ్చినచో అది తమిళము. ఈ మూడింటను బైట్లు చెక్కుచెదరలేదు. సరియైన సాధనముతో విప్పిన పేరు మరల వచ్చును. వరుసగా ప్రశ్నార్థకములో అడుగుగీతలో వచ్చినచో మాత్రము పేరు నిజముగా పోయినట్లే, మూలమును తెచ్చుకొనవలసినదే. కనుక వింత గుర్తులను చూచి కంగారుపడి పేర్లను మార్చివేయకుడు. మేము అట్లు కొన్నింటిని మార్చి పోగొట్టుకొంటిమి.

ఇప్పుడు ఒకే పేరుతో రెండేసి ఫైళ్ళున్న వింతకు వత్తము. మమ్ము మిక్కిలి శ్రమపెట్టినది ఇదియే, మన ప్రాంతమునకు ప్రత్యేకముగా తగులునదియు ఇదియే.

తెలుగు అజంత భాష. మన మాటలు అచ్చుతో ముగియును. రాముడు, ఊరు, చేను. మనము వచ్చి నిలిచిన నేలమీది ఊళ్ళ పేర్లో, హల్లుతో ఆగునవి, నడుమ హల్లుతో విడిపడునవి యనేకములు. వత్రాప్, విరుదునగర్, కోవిల్‌పట్టి. ఈ పేర్లను తెలుగులో వ్రాయునపుడు పొల్లు కావలెను. కోవిల్‌పట్టి యని పొల్లుగా విడదీసి వ్రాయగోరి, మామూలుగా కొట్టినచో కంప్యూటరు ల క్రింద ప వత్తు చేర్చి "కోవిల్పట్టి" యని చూపును. విడదీయుటకు యూనికోడులో కంటికి కనబడని గుర్తు ఒకటి కలదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. దానికి వెడల్పు లేదు, రూపము లేదు. ఉన్నదనుటకు వత్తు రాకపోవుటయే సాక్షి.

నడుమ వచ్చినపుడు కనీసము సాక్షి యున్నది. చివర వచ్చినపుడు అదియు లేదు. కొన్ని తెలుగు కీబోర్డులు, ఆంగ్లాక్షరములతో తెలుగు వ్రాయించు కొన్ని సాధనములు, పొల్లుతో ముగియు మాటకు చివర ఈ గుర్తును తామే తగిలించును. "వత్రాప్" అని ఒకరు వ్రాసిరి. "వత్రాప్‌" అని మరియొకరు వ్రాసిరి. భేదము కనుగొనగలరా? మొదటిదానిలో సంకేతములు 7, బైట్లు 21. రెండవదానిలో సంకేతములు 8, బైట్లు 24. విండోస్‌కు గాని లైనక్స్‌కు గాని ఇవి రెండు వేరు పేర్లు. మనుమడు ఇంట ఒక కీబోర్డుతోను, అతని అక్క ఫోనులో మరియొక దానితోను వ్రాసిరి. ఇద్దరును ఒకే సంచి చేసితిమనుకొనిరి. రెండు "వత్రాప్" సంచులు తయారైనవి, రెంటిలోను "వివాహము 1" కలదు. ఒకరి సంచిలో వెదకినవారికి మరియొకరి బొమ్మలు దొరకలేదు. ఒకానొక దస్తావేజు పోయినదని ఆ యింట మూడు దినములు పోరు జరిగెను. అది రెండవ వత్రాపులో క్షేమముగా నుండెను.

దీనికి మేము కనుగొన్న ఉపాయము వ్యాకరణమే. ఊరి పేరును అజంతము చేయుడు. వత్రాపు, విరుదునగరు అని వ్రాసినచో పొల్లు లేదు, అదృశ్య గుర్తు దూరుటకు సందు లేదు. మన పెద్దలు మాటలో అట్లే కదా అందురు. కోవిల్‌పట్టికి మాత్రము ఈ మందు పనిచేయదు. దానికి వత్తుతోనే కోవిల్పట్టి యని ఫైలు పేరులో వ్రాయవలెనని మేము నిశ్చయించితిమి. కంటికి కొంత యింపు తగ్గును. పత్రములలో, శుభలేఖలలో మీ యిష్టము వచ్చినట్లు అందముగా విడదీసి వ్రాసికొనుడు.

మాకింతోష్ వాడు పిల్లలుగలవారు ఇది వినవలెను. తెలుగు గుణింతములో ఐత్వమునకు యూనికోడ్ రెండు రూపములను సమానముగా అంగీకరించును. ఒకే సంకేతముగా వ్రాయుట ఒకటి, ఎత్వమును దాని క్రింది ముక్కను రెండుగా వ్రాయుట మరియొకటి. తెలుగులో ఇట్టి గుర్తు ఇది యొక్కటే. తమిళములో ఒత్వము, ఓత్వము, ఔత్వము అను గుణింతములును, ఔ అను అచ్చును ఇట్లే రెండు తీరులు. కోవిల్పట్టిని తమిళములో వ్రాసినచో మొదటి అక్షరముననే ఓత్వము కలదని మీకు తెలియును. 1998లో వచ్చిన మాకింతోష్ ఫైలు వ్యవస్థ ప్రతి పేరును విడదీసిన రూపమునకే మార్చి దాచెడిది. 2017లో వచ్చిన కొత్త వ్యవస్థ మీరు వ్రాసిన రూపమునే ఉంచి, పోల్చునపుడు మాత్రము రెంటిని ఒకటిగా నెంచును. లైనక్స్, విండోస్ అట్లు ఎంచవు. పాత మాకింతోష్‌నుండి వచ్చిన "వైశాఖము" 8 సంకేతములు, ఇక్కడ వ్రాసినది 7. మరల ఒకే రూపున రెండు ఫైళ్ళు. లైనక్స్‌లో కన్వ్‌ఎమ్‌వి అను సాధనము వీనిని ఒక తీరునకు తెచ్చును. అదృశ్య గుర్తును మాత్రము అది తీసివేయదు, రెండు రోగములును వేరు.

పొడవును గూర్చి త్వరగా ముగించెదము. శ్రీవిల్లిపుత్తూరు అను పేరులో కంటికి అక్షరములు 6. సంకేతములు 18. బైట్లు 54. లైనక్స్‌లో ఒక పేరునకు మితి 255 బైట్లు, విండోస్‌లో 255 సంకేతములు. కావున శ్రీవిల్లిపుత్తూరును లైనక్స్ పేరులో నాలుగుమార్లు వ్రాయవచ్చును, అయిదవమారునకు చోటు లేదు. విండోస్‌లో పదునాలుగుమార్లు పట్టును. మన శుభలేఖలలో ఇరువైపుల తాతముత్తాతల పేర్లును, ఊళ్ళును, ఇంటిపేర్లును వ్రాయు ఆచారము గొప్పదే గాని, అదంతయు ఫైలు పేరుగా పెట్టినవారి ఫైళ్ళు విండోస్‌లో పుట్టి లైనక్స్‌లో అడుగిడలేకపోయినవి. ఆపై విండోస్‌లో పెట్టె మొదలు కాగితము దాక మొత్తము త్రోవకు 260 అను పాత మితి యొకటి కలదు. 2016నుండి దానిని సడలించుకొను వీలు ఇచ్చిరి గాని, అందరి యంత్రములలో అది సడలియుండదు. సంచిలో సంచి, దానిలో మరియొక సంచి చేయువారు తలచుకొనవలెను. ఖాళీలకు బదులు అడుగుగీత వేయుడని కుర్రవారు చెప్పుదురు. ఆజ్ఞలు వ్రాసి పనిచేయించువారికి ఖాళీ అడ్డము వచ్చుట నిజమే, ఒక పేరును రెండుగా చదువును. తక్కినవారికి అది అంత ముఖ్యము కాదు.

ఇంతయు విన్న పిమ్మట, ఈ బాధ యంతయు ఏల, ఇంగ్లీషులో వ్రాసిన తీరును గదా యని మరల అడుగువారుందురు. మా సంఘములోనే ఈ విషయమున భిన్నాభిప్రాయము కలదు. ఆంగ్లములో వత్రాపునకు ఎన్ని తీరులు కలవో రైల్వే రసీదులలో, బడి పత్రములలో, బ్యాంకు పుస్తకములలో చూచికొనుడు. తమిళములో దాని నిండు పేరు వత్తిరాయిరుప్పు. ఆంగ్లములో వ్రాసినంతమాత్రమున పేరు ఒక్కటి కాదు. నాయకర్, నాయక్కర్, నాయుడు అనునవి ఆంగ్లాక్షరములలోనికి పోయి యెన్నెన్ని విధములుగా వచ్చునో చెప్పనక్కరలేదు. ఆంగ్లమున వ్రాసినను ప్రశ్నార్థకము ఆగును, వాలుగీత విరుగును, చివరి చుక్క పోవును. మరియు పెద్దమ్మ "మేనత్త" యన్నది. దానిని ఆంగ్లములో ఏమని వ్రాయుదుము?

అందుచేత కొందరు పెద్దలు సూచించిన మధ్యమార్గమునే అవలంబించితిమి. ఫైలు పేరు చిన్నది: తేదీ, ఊరు, ఇంటిపేరు, విషయము, నాలుగు మాటలు మించకుండ, తెలుగులో, నిషిద్ధ గుర్తులు లేకుండ. పెద్దలు చెప్పిన నిండు మాట, ప్రశ్నార్థకముతో సహా, ఆ సంచిలోనే ఒక జాబితాలో వ్రాయబడును. ఆ జాబితాను తెలుగులోను తమిళములోను వ్రాయుచున్నాము, మన పిల్లలు చదువగలిగినది నేడు తమిళము కనుక. జాబితాను యూటిఎఫ్-8లో దాచవలెనని, కాగితముపై గూడ ఒక ప్రతి అచ్చు తీసి ఇంట నుంచవలెనని నిర్ణయమైనది. కాగితపు ప్రతి అక్కరలేదని ఒక యువకుడు వాదించెను. అతని వాదము బలమైనదే గాని మేము ఒప్పుకొనలేదు.

పెద్దమ్మ చెప్పిన పేర్లలో పోయినవి మనుమని కంప్యూటరులో మూలముండుటచేత చాలవరకు తిరిగి దొరకినవి. మేము కంగారుపడి మార్చిన కొన్ని దొరకలేదు. అవి మూడు ఛాయాచిత్రములు, ఒక ఉత్తరము.

వచ్చు ఆదివారము ఉదయము ఇదే చోట, పెన్ డ్రైవులు తెచ్చువారికి పేర్లు సరిచూచి పెట్టు ఏర్పాటు చేసినాము. విప్పని కట్టలున్నచో విప్పకయే తెండు. వింత గుర్తులతో నున్న పేర్లను ముట్టకుడు. పోయిన పేర్ల మూడు ఛాయాచిత్రములను, "ఎడమనుండి రెండవవారు ఎవరు?" అను దానిని పెద్దవిగా అచ్చు తీయించి బల్లపై ఉంచెదము. అరువదియేండ్లు దాటిన తల్లులు దయచేసి ఒకమారు వచ్చి చూడవలెను. అద్దములు మరువక తెచ్చుకొనుడు.